కుక్కలలో మయస్థీనియా గ్రావిస్

మయస్థీనియా గ్రావిస్ అనేది నాడుల నుండి కండరాలకు సంకేతాలు సరిగా అందకపోవడం వలన కలిగే వ్యాధి. ఇది మానవులతో పాటు కుక్కలకు, పిల్లులకు కూడా వస్తుంది. కుక్కలలో దీనిని గురించిన తొలి నివేదికలలో ఒకటి 1961లో వెలువడింది. కండరాల బలహీనత దీని ముఖ్య లక్షణమైనప్పటికీ, ప్రాణాపాయం ఎక్కువగా ఆహారం ఊపిరితిత్తులలోకి పోవడం వలన కలుగుతుంది. ఈ ప్రమాదం నుండి కాపాడగలిగితే కొన్ని కుక్కలు నెలల వ్యవధిలో పూర్తిగా కోలుకుంటాయి.

కారణాలు

నాడి చివర నుండి వెలువడే ఎసిటైల్ కోలిన్ అనే రసాయనం కండరంపై ఉన్న గ్రాహకాలను చేరినపుడు ఆ కండరం సంకోచిస్తుంది. ఈ వ్యాధిలో ఆ ప్రక్రియ కుంటుపడుతుంది. వ్యాధి రెండు రకాలు.

పుట్టుకతో వచ్చే రకం: జన్యులోపం దీనికి కారణం. జాక్ రస్సెల్ టెరియర్, స్ప్రింగర్ స్పానియల్ వంటి జాతులలో గుర్తించారు.

తరువాత సంక్రమించే రకం: ఎక్కువగా కనిపించేది ఇదే. శరీరంలో తయారయ్యే ప్రతిరక్షకాలు సొంత గ్రాహకాలనే నాశనం చేస్తాయి. అకిటా, జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్ మొదలైన జాతులలో కనిపిస్తుంది. కొన్ని కుక్కలలో ఛాతీలోని థైమస్ గ్రంథిలో కణితి కూడా ఉంటుంది.

లక్షణాలు

కుక్క నడక మొదలుపెట్టినపుడు బాగానే ఉంటుంది. కొంత దూరం పోయేసరికి అడుగులు చిన్నవై, కాళ్ళు వణికి కూలబడుతుంది. విశ్రాంతి తరువాత మళ్ళీ లేచి నడుస్తుంది. మొరిగే స్వరం మారవచ్చు.

మానవుని అన్నవాహిక దిగువ భాగంలో ఉండేది అనియంత్రిత కండరం. కుక్క అన్నవాహికలో మాత్రం పొడవునా కాలి కండరాల వంటి రేఖిత కండరమే ఉంటుంది. అందువలన ఈ వ్యాధిలో అది కూడా బలహీనపడి, సంచి వలె సాగిపోతుంది. దీనిని మెగా ఈసోఫేగస్ అంటారు. కొన్ని కుక్కలలో కాళ్ళు బాగానే ఉండి, ఈ లక్షణం ఒక్కటే కనిపిస్తుంది. తిన్నది పొట్ట బిగియకుండానే, అరగకుండానే బయటకు వస్తుంది. యజమానులు దీనిని వాంతిగా పొరబడుతుంటారు.

నిర్ధారణ

రక్తంలో గ్రాహక ప్రతిరక్షకాల పరిమాణం లీటరుకు 0.6 నానోమోల్ కంటే ఎక్కువగా ఉంటే, సంక్రమించిన రకమని నిర్ధారిస్తారు. స్టెరాయిడ్లు వాడితే ఈ పరిమాణం తగ్గవచ్చు కనుక, వాటికి ముందే రక్తం తీయాలి. అన్నవాహికను, ఊపిరితిత్తులను, థైమస్‌ను పరిశీలించడానికి ఛాతీ ఎక్స్‌రే అవసరం.

చికిత్స

ముఖ్యమైన మందు పిరిడోస్టిగ్మిన్. ఇది ఎసిటైల్ కోలిన్ త్వరగా విచ్ఛిన్నం కాకుండా కాపాడుతుంది. మోతాదు మించితే చొంగ, వాంతులు, విరేచనాలతో పాటు బలహీనత కూడా పెరుగుతుంది. కనుక కుక్క నీరసించినదని యజమాని తనంతట తాను మోతాదు పెంచరాదు. స్టెరాయిడ్లు కూడా ఆరంభంలో బలహీనతను పెంచవచ్చు. జెంటామైసిన్ వంటి కొన్ని యాంటీబయాటిక్‌లు నాడీ సంకేతాలకు అడ్డుపడతాయి కాబట్టి వాటిని వాడరు.

ఆహారం, సంరక్షణ

మెగా ఈసోఫేగస్ ఉన్న కుక్కకు మందుతో సమానంగా ముఖ్యమైనది ఆహారం పెట్టే పద్ధతి. ఆహారం తనంతట తానే కిందికి జారేటట్లు కుక్కను నిటారుగా కూర్చోబెట్టి తినిపించాలి. తిన్న తరువాత కూడా 20 నుండి 30 నిమిషాలు అలాగే ఉంచాలి. ఇందుకు వాడే ఎత్తైన కుర్చీని ఇదే సమస్య ఉన్న ఒక కుక్క పేరిట బెయిలీ కుర్చీ అంటారు. ఆహారం కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టాలి. కొన్ని కుక్కలకు జావ, మరికొన్నింటికి చిన్న ముద్దలు సరిపడతాయి. ఏది తక్కువగా బయటకు వస్తుందో చూసి నిర్ణయించుకోవాలి. నీటిని కూడా చిక్కబరచి ఇవ్వవచ్చు. దగ్గు, జ్వరం, ఆయాసం కనిపిస్తే న్యుమోనియాగా అనుమానించి, ఆలస్యం చేయక వైద్యునికి చూపాలి.

కోలుకోవడం

2001లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడకుండానే 53 కుక్కలలో 47 కోలుకున్నాయి. ఇందుకు సగటున 6.4 నెలలు పట్టింది. తరువాతి అధ్యయనాలలో ఈ నిష్పత్తి ఇంతకంటే చాలా తక్కువగా ఉన్నది. ఆరంభ వారాలలోనే న్యుమోనియాతో మరణించే కుక్కలు తక్కువ కాదు. థైమస్ కణితి ఉన్నవాటిలో, వేగంగా ముదిరే రకంలో కోలుకునే అవకాశం తక్కువ.

కుక్క చురుకుగా నడిచినంత మాత్రాన వ్యాధి తగ్గినట్లు కాదు. అది మందు ప్రభావం కావచ్చు. పిరిడోస్టిగ్మిన్ ప్రతిరక్షకాలను తగ్గించదు. కనుక కొన్ని వారాలకొకసారి రక్తపరీక్ష చేసి, ప్రతిరక్షకాలు సాధారణ స్థాయికి వచ్చిన తరువాత మందు క్రమంగా తగ్గిస్తారు. అన్నవాహిక మామూలు స్థితికి వచ్చినదని ఎక్స్‌రేలో తేలేవరకు నిటారుగా తినిపించడం మానరాదు. వ్యాధి తిరగబెట్టే అవకాశం ఉన్నందున ఆ తరువాత కూడా గమనిస్తూ ఉండాలి.