మానడం కూడా చికిత్సే

మందు మొదలుపెట్టేటప్పుడు వైద్యుని మాట వింటాం. మానేటప్పుడు మాత్రం మన మాట మనమే వింటాం. జ్వరం తగ్గగానే మందు సీసాను అటకెక్కించడం మన ఇళ్ళలో పాతకాలపు అలవాటు. కాని మనస్సు కృంగినవారు వాడే మందుల విషయంలో ఈ అలవాటు చేసే కీడు ఇంతా అంతా కాదు.

ఒక ఉపాధ్యాయుణ్ణి ఊహించండి. ఏడాది క్రితం ఆయనకు నిద్ర లేదు, అన్నం సయించలేదు, పాఠం చెప్పబుద్ధి కాలేదు. వైద్యుడిచ్చిన మాత్రలతో మళ్ళీ మనిషి అయినాడు. 'ఇంక నాకేమి జబ్బు?' అని ఒకనాడు వాటిని పారవేశాడు. నాలుగు రోజులు గడవకముందే తల తిరగడం, వికారం, పీడకలలు, కారణం లేని కోపం, తలలో విద్యుత్తు చురుక్కున తాకినట్లు ఒక వింత బాధ. 'జబ్బు తిరగబెట్టింది, ఇక జన్మకింతే' అని హతాశుడైనాడు. చాలాసార్లు అది జబ్బు కాదు. మందు హఠాత్తుగా వెళ్ళిపోయినందుకు శరీరం పెట్టే మొర.

ఈ సంగతి కొత్తది కాదు. ఈ జాతి మందులలో తొలితరానికి చెందిన ఇమిప్రమీన్ గుణాన్ని స్విట్జర్లాండు వైద్యుడు రోలాండ్ కూన్ 1957లో ప్రకటించాడు. 1959 నాటికే, దానిని మానినప్పుడు కలిగే బాధలను వైద్యులు గుర్తించారు. నెలల తరబడి మందుకు అలవాటుపడిన నాడీమండలం తిరిగి సర్దుకోవడానికి వ్యవధి కావాలి. ఇది వ్యసనం కాదు, మనోదౌర్బల్యం అంతకన్నా కాదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉన్నది. సిటలోప్రామ్ అనే మందు 20 మిల్లీగ్రాములు వాడితే, మెదడులో అది పట్టుకోవలసిన స్థానాలలో నూటికి సుమారు 80 పట్టుకుంటుంది. మోతాదును 9కి తగ్గించినా 70 నిలుస్తాయి. 5 మిల్లీగ్రాముల వద్ద కూడా ఇంచుమించు 60 మిగులుతాయి. అంటే మొదటి పదకొండు మిల్లీగ్రాములతో పోయేది పది పాళ్ళు. చివరి అయిదింటితో పోయేది దాదాపు అరవై! మెట్లన్నీ సమానమనుకొని దిగేవానికి ఆఖరి మెట్టు అగాధమౌతుంది. అందుచేతనే 2019లో మార్క్ హొరోవిట్జ్, డేవిడ్ టేలర్ అనే పరిశోధకులు, మోతాదు తగ్గేకొద్దీ అడుగులు మరింత చిన్నవి కావాలని ప్రతిపాదించారు. మరుసటి ఏడు బ్రిటన్ మానసిక వైద్యుల రాయల్ కళాశాల కూడా ఇటువంటి సలహానే ప్రకటించింది.

కనుక చేయవలసినదేమి? మనస్సు కుదుటపడిన తరువాత కూడా సాధారణంగా కనీసం ఆరునెలలు మందు కొనసాగిస్తారు. మానదలచినప్పుడు ఆ మాట ముందుగా వైద్యునితో చెప్పాలి. పరీక్షలు, బదిలీలు, ఇంట్లో దుఃఖం ఉన్న కాలం అందుకు అనువైనది కాదు. ఒక మెట్టు దిగి, కొన్ని వారాలు అక్కడ నిలిచి, నెమ్మదిగా ఉంటేనే మరొక మెట్టు దిగాలి. బాధ మిక్కుటమైతే పై మెట్టుకు మళ్ళీ ఎక్కడం ఓటమి కాదు. ఈ ప్రయాణం కొందరికి వారాలు, కొందరికి ఏడాదికి పైగా పట్టవచ్చు. రోజు విడిచి రోజు వేసుకోవడం, మాత్రను తోచినట్లు విరవడం తగదు. పారోక్సెటిన్, వెన్లఫాక్సిన్ వంటివి శరీరం నుండి త్వరగా పోతాయి గనుక వాటి విషయంలో మరింత జాగ్రత్త కావాలి.

బాధ మందు తగ్గించినందువల్లనా, జబ్బు తిరిగి వచ్చినందువల్లనా? మొదటిది తరచు కొద్ది రోజులలోనే, మునుపెరుగని శరీర లక్షణాలతో వస్తుంది. రెండవది సాధారణంగా వారాలు, నెలలు గడిచాక, పాత దిగులుతోనే మెల్లగా వస్తుంది. ఈ భేదాన్ని తేల్చవలసినది వైద్యుడే. ప్రాణం తీసుకోవాలన్న తలంపు కలిగితే క్షణం ఆలస్యం చేయరాదు. 2022లో కేంద్రప్రభుత్వం నెలకొల్పిన టెలి మానస్‌కు 14416 సంఖ్యపై ఫోను చేయవచ్చు, వైద్యశాలకు వెళ్ళవచ్చు.

తోటి ఉపాధ్యాయుడు గాని, విద్యార్థి గాని ఇట్టి మందు వాడుతున్నాడని తెలిస్తే, 'ఇంకా ఆ మాత్రలెందుకయ్యా?' అని మందలించకండి. ఆ ఒక్కమాటకు సిగ్గుపడి, రాత్రికి రాత్రి మందు మానినవారు లేకపోలేదు. 'డాక్టరుగారేమన్నారు?' అని అడగండి. అవసరమైతే ఆయన వద్దకు తోడు వెళ్ళండి.