పూటకూళ్లమ్మకు పేరెందుకు లేదు?

‘కన్యాశుల్కం’ చదివినవాళ్లకు గిరీశం గుర్తుంటాడు, మధురవాణి గుర్తుంటుంది. రామప్పంతులు, లుబ్ధావధాన్లు, వెంకటేశం కూడా గుర్తుంటారు. చీపురుకట్ట పట్టుకుని గిరీశాన్ని వెతుక్కుంటూ వచ్చిన మనిషి కూడా గుర్తుంటుంది కానీ, ఆమె పేరేమిటని అడిగితే చెప్పలేం. నాటకంలో ఆమె పూటకూళ్లమ్మ, అంతే. చేసే పనే ఆమెకు పేరైంది.

తెలుగునాట భోజనం అమ్మి బతికిన ఆడవాళ్ల చరిత్ర వెతకాలంటే ఈ పేరులేని మనిషి దగ్గరే మొదలుపెట్టాలి.

పూటకూళ్ల ఇల్లు అంటే ఏమిటి?

కూడు అంటే అన్నం. పూటకింత అని డబ్బు తీసుకుని అన్నం పెట్టే ఇల్లు పూటకూళ్ల ఇల్లు. దీన్ని సత్రంతో కలపకూడదు. సత్రంలో భోజనం ధర్మం, దాని ఖర్చు దాత పెట్టుకుంటాడు. వారాలు చేసుకోవడమూ వేరు. పేద విద్యార్థి రోజుకొక ఇంట్లో తింటాడు, అదీ దయే. పూటకూళ్ల ఇంట్లో దయ లేదు, లెక్క ఉంది.

ఈ వ్యాపారం చాలా పాతది. వినుకొండ వల్లభరాయుడి పేరు మీద ఉన్న ‘క్రీడాభిరామం’లో ఓరుగల్లు వీధుల్లో తిరిగే ఇద్దరు మిత్రులు ఒక పూటకూళ్ల ఇంటి భోజనం గురించి మాట్లాడుకుంటారు. మంచి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు, ఇవన్నీ కలిపి ఒక్క రూక. ఆ ఇల్లు లక్ష్మణవజ్ఝల వారిది. యజమాని పేరు పద్యంలోకి ఎక్కింది. పొయ్యి దగ్గర ఉన్నదెవరో కవి చెప్పలేదు.

వితంతువులే ఎందుకు?

గురజాడ నాటకం మొదటిసారి ఆడింది 1892లో, అచ్చయింది 1897లో. అప్పటికి విజయనగరం రాజుల సంస్థానం, కాలేజీ, కచేరీ ఉన్న ఊరు. చదువుకోవడానికి వచ్చినవాళ్లు, వ్యాజ్యాల కోసం వచ్చినవాళ్లు, చిన్న ఉద్యోగులు, అందరికీ పూట గడవాలి. ఎవరి చేతి వంట ఎవరు తినాలన్న పట్టింపు గట్టిగా ఉన్న కాలం. అగ్రకులపు ఇంటి వంటకు గిరాకీ ఉండేది. వండి అమ్మడానికి గౌరవమైన ఇళ్ల ముత్తైదువలు ముందుకు రారు. మిగిలింది వితంతువు.

ఆమె పరిస్థితి చూడండి. 1856లోనే వితంతు పునర్వివాహాన్ని చట్టం అనుమతించింది. కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరులో. అయినా ఆ దారిన వెళ్లగలిగింది కొద్దిమందే. ఆస్తిమాటకొస్తే, ఉమ్మడి కుటుంబంలో భర్త పోయిన స్త్రీకి మనోవర్తి తప్ప వాటా లేదు. పరిమితమైన హక్కు 1937 చట్టంతో వచ్చింది, సంపూర్ణ హక్కు 1956లో వచ్చింది. అంతదాకా ఆమె ముందున్న మామూలు దారి పుట్టింట్లోనో అత్తింట్లోనో జీతం లేకుండా వంట చేయడం. అదే వంట పరాయివాళ్లకు చేసి డబ్బు తీసుకుంటే పూటకూళ్లమ్మ. మొదటిదాన్ని లోకం ధర్మమంది, రెండోదాన్ని చూసి గుసగుసలాడింది.

ఆ ఇరవై రూపాయలు

నాటకం మొదట్లోనే గిరీశం ఒక సంగతి ఒప్పుకుంటాడు. సంతలో సామాను కొనిపెడతానని పూటకూళ్లమ్మ దగ్గర ఇరవై రూపాయలు పట్టుకొచ్చి, మధురవాణి మీద ఖర్చుపెట్టేశాడు. మనం నవ్వుకుని పేజీ తిప్పేస్తాం. కానీ భోజన వ్యాపారం ఎలా నడుస్తుందో తెలిసినవాళ్లకు ఆ వాక్యం దగ్గర నవ్వు రాదు.

బియ్యం, పప్పు, నెయ్యి, కట్టెలు ముందే కొనాలి. తిన్నవాళ్ల డబ్బు తర్వాత వస్తుంది, నెలవారీ ఖాతాలవాళ్లది ఇంకా ఆలస్యం. కొందరిది అసలు రాదు. ఈ రెండింటి మధ్య ఉండే నగదే వ్యాపారానికి పెట్టుబడి. అది పోతే మర్నాడు పొయ్యి వెలగదు. మధురవాణి ఇంటికి ఆమె చీపురుకట్టతో రావడం అసూయ ఒక్కటే కాదు, అది బాకీ వసూలు కూడా. ఇంకో సంగతి, ఆమె దగ్గర కాజేసిన గిరీశమే వితంతువుల ఉద్ధరణ మీద లెక్చర్లు దంచుతుంటాడు. తన కాళ్ల మీద తాను నిలబడ్డ వితంతువు మాత్రం అతని సంస్కరణ పరిధిలోకి రాలేదు.

ఉచితంగా పెడితే పేరు, అమ్మితే సామెత

అదే కాలంలో గోదావరి డెల్టాలో ఇంకో స్త్రీ అన్నం పెట్టింది, ఆమె పేరు అందరికీ తెలుసు. 1841లో పుట్టిన డొక్కా సీతమ్మ లంకల గన్నవరంలో వేళాపాళా చూడకుండా వచ్చినవాళ్లందరికీ భోజనం పెట్టింది. ఆమె పోయింది 1909లో, కన్యాశుల్కం రెండో కూర్పు వచ్చిన సంవత్సరమే. గన్నవరం దగ్గరి అక్విడక్టుకు ఆమె పేరు ఉంది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి మధ్యాహ్న భోజనానికి కూడా ఆమె పేరే పెట్టింది. ఆ గౌరవానికి ఆమె అర్హురాలే. అయితే ఆమె వెనుక భర్త జోగన్న భూములున్నాయి, ఆయన సమ్మతి ఉంది. ఈ రెండూ లేని స్త్రీ అదే చేత్తో అదే అన్నం పెట్టి డబ్బు అడిగితే, ‘పూటకూళ్లమ్మ పుణ్యమెరుగునా’ అనే సామెత మిగిలింది.

ఆడది డబ్బు తీసుకుని వంట చేయడం తప్పన్న భావన తెలుగువాళ్లందరిదీ కాదు. తెలంగాణ సరిహద్దు దాటగానే సుక్మా జిల్లా కోంటా ప్రాంతంలో మరైగూడ ఉంటుంది. అటు బస్తర్ సంతల్లోగానీ ఇటు భద్రాచలం ఏజెన్సీ సంతల్లోగానీ సగం బజారు ఆడవాళ్లదే. ఇప్పపువ్వు, చింతపండు, కూరగాయలు అమ్మేదీ, లందా కుండ ముందు పెట్టుకుని ఆకుదొప్పల్లో పోసిచ్చేదీ వాళ్లే. అక్కడ అమ్మకం అవమానం కాదు, సంతపనిలో ఒక భాగం.

తర్వాత ఏమైంది?

రైళ్లు, కాఫీ హోటళ్లు, ఉడిపివాళ్లు వచ్చాక పూటకూళ్ల ఇల్లు వెనకబడింది. బోర్డులు వచ్చాయి, వాటి మీద కాకినాడ సుబ్బయ్య, విజయవాడ బాబాయ్ లాంటి పేర్లు వెలిశాయి. ఆడవాళ్లు పోలేదు. మెస్సుల వంటింట్లో, కర్రీ పాయింట్ల వెనుక, తోపుడుబండి పక్కన ఉన్నారు. చాలాచోట్ల వంట ఆమెది, కాగితం మీద పేరు ఆయనది.

2024 జనవరి దీనికి భిన్నమైన దృశ్యం చూపించింది. హైదరాబాద్ మాదాపూర్ ప్రాంతంలో రోడ్డు పక్కన భోజనం అమ్మే కుమారి ఆంటీ సోషల్ మీడియాలో ఊరంతటికీ తెలిసింది. జనం పెరిగారు, ట్రాఫిక్ ఆగింది, పోలీసులు బండి పెట్టొద్దన్నారు. జనవరి 31న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జోక్యంతో ఆమె మళ్లీ అక్కడే అమ్ముకోగలిగింది.

సంతోషమే. కానీ వీడియో వైరల్ కాని ఆమె సంగతేమిటి? ఆమెకు ముఖ్యమంత్రి మాట అక్కర్లేదు, చట్టం అమలైతే చాలు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఉన్నవాళ్లను ఖాళీ చేయించకూడదు. తరలించాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారులుండాలి, వాళ్లలో మూడోవంతు స్త్రీలుండాలి. 2020లో మొదలైన పీఎం స్వనిధి పథకం మొదటి విడతగా పదివేల దాకా పూచీకత్తు లేని పెట్టుబడి రుణం ఇచ్చింది. గిరీశం ఎత్తుకుపోయిన ఇరవై రూపాయలు ఏ పని చేసేవో, ఆ రుణం చేయాల్సిందీ అదే పని.

ఇవన్నీ దక్కాలంటే సర్వే జాబితాలో, సర్టిఫికెట్ మీద, బ్యాంకు ఖాతా మీద ఉండాల్సింది గరిటె పట్టినామె పేరు. భర్తదో, కొడుకుదో రాయించుకుంటే, రేపు ఆ మనిషి లేనప్పుడు ఆమె మళ్లీ మొదటికొస్తుంది. మీ వీధి చివర టిఫిన్ బండి నడిపే ఆమెకు సర్టిఫికెట్ ఉందో లేదో, ఉంటే ఎవరి పేరున ఉందో ఒకసారి అడిగి చూడండి. ముందుగా ఆమె పేరు అడగండి.