సీసామీది అక్షరములు

ఆవకాయ కమ్మగా నుండుట వేరు. ఆ సీసా అంగడి బల్లమీద నలుగురి కంటబడుట వేరు. ఇంటిలో పచ్చళ్లు పెట్టి అమ్మదలచిన గృహిణికి కారము, నూనె, ఆవపిండి పాళ్లు తెలిసినంతగా, పేరు ఏ అక్షరములలో అచ్చువేయించవలెనో తెలియదు. అచ్చు పనివాడు కంప్యూటరు తెరమీద నలువది రకముల ఫాంట్లు చూపును. అన్నియు బాగుగనే యుండును. ఆమె మిక్కిలి వంపులు తిరిగినదాని నెన్నుకొనును. వేయి చీటీలు అచ్చయిన పిమ్మట కొన్నవారు, "పచ్చడి బాగున్నదమ్మా, సీసామీద నేమి వ్రాయించినారో తెలియలేదు" అందురు. చేతిలోని పెట్టుబడి యంతయు సీసాలకును చీటీలకును పెట్టినవారికి అది చిన్న నష్టము కాదు.

తెలుగు లిపికి తనదైన స్వభావము కలదు. నాగరికి వలె అక్షరములను కలుపు పైగీత దీనికి లేదు. ఇంగ్లీషులోవలె నిలువు కంబములును లేవు. గుండ్రని వంపు, పైన తలకట్టు, క్రింద వత్తు. వీనిని బట్టియే కన్ను పేరును గుర్తుపట్టవలెను. అక్షరమునకును అక్షరమునకును భేదము తరచు ఒక కొసలోనో, ఒక చుక్కలోనో దాగియుండును. థకారమును ధకారమునుండి వేరుచేయునది గర్భములోని చుక్క. మాగాయ అను మాటనే చూడుడు. అందు మకార యకారములు రెండును కలవు. రెండింటికిని కుడివైపు కొమ్ము ఒక్కతీరుగనే లేచును. భేదమంతయు ఎడమ భాగమున నున్నది. దుకాణపు బోర్డుమీద మిక్కిలి దళసరి ఫాంటు ఠీవిగా నుండవచ్చును. దానినే రెండంగుళముల చీటీకి కుదించినచో సిరా కొంచెము ప్రాకి, అక్షరము లోపలి తెలుపు పూడిపోవును. అప్పుడు మ ఏదో, య ఏదో ఊహించుకొనవలసినదే.

పచ్చడి, తొక్కు, పప్పు, ఉప్పు అని వంటింటి మాటలలో వత్తులు మెండు. ఇంగ్లీషు పంక్తులకు చాలిన ఎడము తెలుగు పంక్తులకు చాలదు. పై పంక్తిలోని వత్తు క్రింది పంక్తిలోని గుడి నొరసికొనును. ఎత్తు కలిసివచ్చునని వత్తులను మరీ చిన్నవి చేసిన ఫాంట్లు కొన్ని కలవు. అట్టివి పొడికారము డబ్బాకు బొత్తిగా పనికిరావు. పేరును ఇంగ్లీషులోగూడ వేయించునపుడు రెండు లిపులకును ఒకే కొలత చెప్పుట మరియొక పొరపాటు. కొలత ఒకటే యైనను కంటికి ఒకటి పెద్దదిగను, ఒకటి చిన్నదిగను తోచును. అంకెను నమ్మక కంటిని నమ్మి సరిచేయించుకొనవలెను.

బాపు (1933–2014) చేతివ్రాతనుండి పుట్టిన అక్షరముల సొగసు తెలుగువారెరిగినదే. చిక్కంతయు ఆ సొగసులోనే యున్నది. శుభలేఖలమీదను, పుస్తకముల అట్టలమీదను, మిఠాయి దుకాణములమీదను ఆ తీరు కనబడుచుండగా, కొత్తగా వచ్చిన పచ్చడి దానినే ధరించినచో అది ఎవరిదో కొన్నవానికి జ్ఞాపకముండుట కష్టము.

అచ్చుశాలలలో చిరకాలముగా వాడుకలోనున్న పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరముల గడులలో తెలుగు ముక్కలను అమర్చుకొన్నవి. కాగితముమీద వానితో బాధలేదు. ఆ ఫాంటు లేని యంత్రమున తెరచినచో మాత్రము మాగాయ స్థానమున అర్థములేని ఇంగ్లీషు అక్షరముల గుంపు ప్రత్యక్షమగును. అంతర్జాలమున వెదకువారికి ఆ పేరు దొరకదు. యూనికోడ్‌లో 1991 నుండియు తెలుగునకు 128 గడుల పట్టిక ప్రత్యేకముగా నున్నది. దాని ననుసరించిన ఫాంట్లు 2010వ దశకమున అనేకము ఉచితముగా వెలువడినవి. పెద్దన, తిమ్మన, ధూర్జటి అని వానిలో కొన్నింటికి కవుల పేర్లు. (రాయల కొలువులోనివారు పచ్చడి సీసా నెక్కవలసివచ్చునని కలనైన తలచియుండరు!) గిడుగు, గురజాడ, సురవరము పేర్లును కలవు. ఇవి ఓపెన్ ఫాంట్ లైసెన్సు క్రింద లభించునవి గనుక వ్యాపారమునకు వాడుకొన్నను రుసుము లేదు; ఫాంటును విడిగా అమ్ముట మాత్రము కూడదు. తక్కినవాని విషయమున లైసెన్సు చదువక అచ్చునకు దిగుట తెలివితక్కువ.

పల్లెలలో బోర్డు వ్రాయింపదలచినవారు ముందుగా తెలుగు మాష్టారి నాశ్రయింతురు. ఆయన వర్ణక్రమము దిద్ది పంపివేయును. అంతటితో ఊరకొననేల? పేరును మూడు ఫాంట్లలో, సీసామీద నుండబోవు కొలతలోనే, సాదా కాగితముమీద అచ్చుతీయించవచ్చును. వానిని సీసాల కతికించి నాలుగు బారల దూరమున బల్లమీద పెట్టి, ఆ పేరు ముందుగా ఎరుగని పిల్లవానిచేత చదివింపవచ్చును. తడుముకొన్న ఫాంటును తీసివేయవలెను. తూకము, తేదీ, దినుసుల పట్టిక వేయు చిన్న అక్షరములకు అలంకారము లేని ఫాంటునే వాడవలెను. కట్టకడపట ఇంటిలోని ముసలమ్మకు కళ్లజోడు లేకుండ సీసా నందీయవలెను. ఆమె దానిని వెలుతురువైపు త్రిప్పకుండ, వెంటనే "మాగాయ" అని చదివినచో, చీటీలను అచ్చునకు పంపవచ్చును.