విమానపు టిక్కెట్టు వెల



పూర్వము రేణిగుంట జంక్షనులో రైలెక్కువారికి ఒక నిశ్చింత యుండెడిది. ఎన్ని మైళ్లకు ఎంత చార్జియో తెలుపు పట్టిక ముందే అచ్చుపడి యుండెడిది. పది దినములు ముందుగా వచ్చినవానికిని, బండి కూత వేయుచుండగా పరుగున వచ్చినవానికిని, ఆ తరగతికి ఆ వెలయే. తిరుమలలో ప్రత్యేక ప్రవేశ దర్శనపు టిక్కెట్టు 300 రూపాయలనగా, ఉదయము కొనినను 300లే, సాయంకాలము కొనినను 300లే. ఇట్టి వాడుకకు అలవాటుపడిన మనము, అదే రేణిగుంటలోని విమానాశ్రయమునుండి హైదరాబాదు పోవుటకు వెల ఎంతయని సెల్ ఫోనులో చూడబోవునప్పటికి తల తిరుగును. ఉదయము చూచిన వెల సాయంకాలమునకు కానరాదు. మనుమడు చూచిన వెల ఒకటి, అల్లుడు చూచినది మఱియొకటి. మొదటి పుటలో నున్నది ఒకటి, డబ్బు కట్టబోవు పుటలో తేలునది వేఱొకటి. “ఇది బేరమా, గారడియా?” అని మన చిత్తూరు ప్రాంతపు రైతులు నన్ను పలుమారులు అడిగియున్నారు. వారికి నేను చెప్పిన సమాధానమునే మీకును విన్నవించెదను.

ఈ ప్రశ్నలో రెండు సంగతులు ఒకదానితో నొకటి పెనవైచుకొని యున్నవి. వెల మారుట ఒకటి; వెల దాచుట మఱియొకటి. మొదటిది మనకు నచ్చకపోవచ్చును గాని మోసము కాదు. రెండవది మోసమునకు మిక్కిలి చేరువ. ఈ రెంటిని విడదీసి చూడనిచో, కోపపడవలసినచోట ఊరకుండి, ఊరకుండవలసినచోట కోపపడుదుము.

మొదట వెల మారుటను గూర్చి. 1953లో ప్రభుత్వమువారు చట్టము చేసి విమాన కంపెనీలను జాతీయము చేసిరి. 1994లో ఆ చట్టము రద్దయినది. నాటినుండి కంపెనీలు తమ చార్జీలను తామే నిర్ణయించుకొనుచున్నవి. 1937 నాటి విమాన నియమములలో 135వ నియమము, నడుపుటకగు ఖర్చు, సేవయొక్క స్వభావము, న్యాయమైన లాభము, ఇతరుల చార్జీలు, వీనిని చూచుకొని వెల కట్టవలెననియు, దానిని ప్రకటింపవలెననియు చెప్పినది. న్యాయమైన లాభమనగా నూటికెంతయో అందులో లేదు. చిక్కంతయు అచ్చటనే యున్నది.

ఇక వెల కట్టు విధము. మదనపల్లె మండీ ఎఱిగినవారికి ఇది చెప్పుట సులభము. 2023 జూలైలో టమాటా కిలో నూరు రూపాయలు దాటిన దినములు మీకు జ్ఞాపకముండును. అదే టమాటాను కోతకూలి రాదని చేలలోనే విడిచిన సంవత్సరములును జ్ఞాపకముండును. టమాటా నిలువ యుండదు; కావుననే దాని వెల అంతగా ఊగును. విమానములోని సీటు టమాటాకంటె త్వరగా చెడు సరకు. విమానము నేలను విడిచిన క్షణమున ఖాళీ సీటుయొక్క వెల సున్న. అందుచేత కంపెనీవాడు రెండు భయములతో నుండును: సీటు మిగిలిపోవునేమో యని ఒకటి, చౌకగా అమ్ముకొంటినేమో యని రెండవది. అమెరికాలో 1978లో చట్టము చార్జీలను విడిచిపెట్టిన తరువాత, అచ్చటి కంపెనీలు 1980 తరువాతి దశాబ్దములో ఈ రెండు భయములను కంప్యూటరుకు అప్పగించినవి. లోకమంతటను ఇప్పుడు ఆ పద్ధతియే.

ఆ పద్ధతి యిట్టిది. ఒక విమానములో 180 సీట్లున్నవనుకొనుడు. వానిని కంటికి కనబడని గంపలుగా పంచుదురు. మొదటి గంపలో 20 సీట్లు, ఒక్కొక్కటి 3,000 రూపాయలు, రెండవ గంపలో 30 సీట్లు, 3,600, మూడవది 4,500, ఇట్లు పైకి పోవును. ఈ అంకెలు ఉదాహరణకు మాత్రమే. మొదటి గంప ఖాళీయైన వెంటనే రెండవ గంప వెల పలుకును. అమ్మకము మందముగా నున్నచో మఱల క్రింది గంపలో కొన్ని సీట్లు వేయుదురు. మన రైల్వేవారును 2016 సెప్టెంబరులో రాజధాని, శతాబ్ది, దురంతో బండ్లకు ఇట్టి మెట్ల పద్ధతిని తెచ్చిరి. నూటికి పది బెర్తులు అమ్ముడుపోయినప్పుడెల్ల చార్జి నూటికి పది చొప్పున ఒక హద్దువఱకు పెరుగును. రైల్వేవారి మెట్లు మనకు తెలిసినవి. విమానమువారి మెట్లు తెలియవు. భేదమంతే.

గంపల సంగతి తెలిసినవారికి కొన్ని వింతలు విడిపోవును. నలుగురు కుటుంబీకులకు ఒకేసారి టిక్కెట్లు అడిగితిరనుకొనుడు. మొదటి గంపలో రెండే సీట్లు మిగిలియున్నచో, సాధారణముగా కంప్యూటరు ఆ రెంటిని మీకిచ్చి తక్కిన రెంటిని పై గంపనుండి తీయదు. నాలుగు సీట్లున్న పై గంప వెలనే నలుగురికిని కట్టును. కావున మొదట ఒక్కరికి వెల ఎంతయో చూచి, తరువాత నలుగురికి చూడవలెను. భేదమున్నచో ఇద్దరిద్దరుగా కొనుట లాభము. “ఇంక 2 సీట్లే కలవు” అని ఎఱ్ఱని అక్షరములతో కనబడు మాటకును ఒక్కొక్కప్పుడు ఇదియే అర్థము: ఈ వెలకు రెండు సీట్లే యున్నవని గాని, విమానములో రెండే యున్నవని కాదు. ఇక పదేపదే చూచినచో మన ఆత్రమును కనిపెట్టి వెల పెంచుదురని మన పిల్లలు గట్టిగా నమ్ముదురు. నేను అంతగా నమ్మను. అనేక కంపెనీల వెలలను ఒకచోట చూపు మధ్యవర్తులు తఱచుగా కొంత సేపటి క్రిందటి వెలను చూపుదురు. దానిని నొక్కినప్పుడు నిజమైన వెల బయటపడును. వెల పెరిగినదని మనమనుకొందుము. అది అంతకుముందే పెరిగియున్నది.

ఇంతవఱకు వ్యాపారము. ఇకమీద గారడి.

ఆమధ్య మా బంధువులు ముగ్గురు రేణిగుంటనుండి హైదరాబాదునకు టిక్కెట్లు కొనుచు నన్ను ప్రక్కన కూర్చుండబెట్టుకొనిరి. మొదటి పుటలో మనిషికి 3,150 రూపాయలని యున్నది. ముగ్గురికి 9,450. పేర్లు వ్రాసి, వయస్సులు వ్రాసి, నాలుగు పుటలు దాటి డబ్బు కట్టుచోటికి చేరునప్పటికి 12,457 రూపాయలయినది. ఎక్కడ పెరిగినదో అని వెనుకకు పోయి చూచితిమి. ఎవరును అడుగని ప్రయాణ భీమా మనిషికి 249 చొప్పున 747. సీటు ఎంచుకొనినందులకు 350 చొప్పున 1,050. ఏదో ధర్మకార్యమునకు 10. చివరకు “సౌకర్య రుసుము” అను పేర మనిషికి 400 చొప్పున 1,200. భీమాను తీసివేయబోగా, “నా కుటుంబము ఏమైపోయినను సరే” అను అర్థము వచ్చు మాటపై వ్రేలు నొక్కవలసి వచ్చినది. ఇంటి యిల్లాలు ఆ మాట నొక్కనొల్లలేదు. ప్రయాణమునకు ముందు అట్టి అపశకునపు మాట ఎవరు నొక్కుదురు? ఆ సంకోచమునకే ఆ 747 రూపాయల ధర. పట్టుపట్టి భీమాను, సీట్లను, ధర్మమును తీసివేయగా 10,650 రూపాయలకు దిగినది. ఆ 1,200 మాత్రము కదలలేదు. డబ్బు కట్టించుకొనుటకు డబ్బు పుచ్చుకొనుట ఏ సంతలోను నేనెఱుగను.

ఈ పనులకు మన దేశమున ఇప్పుడు పేర్లు కలవు. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థవారు 2023 నవంబరు 30వ తేదీని ఇట్టి 13 “చీకటి పద్ధతులను” నిషేధించుచు మార్గదర్శకములను ప్రకటించిరి. వెలను బొట్టుబొట్టుగా పుటపుటకు కార్చుట, అడుగని సరకును బుట్టలో చాటుగా వేయుట, లేని తొందర కల్పించుట, సిగ్గుపఱచి ఒప్పించుట, ఇవన్నియు అందులో నున్నవి. ఐరోపావారు 2008 నాటి నియమముచేతనే, పన్నులతో రుసుములతో కూడిన తుది వెలను మొదటినుండియు చూపవలెననియు, అదనపు సేవలను కొనువాడు తానై కోరుకొనిననే చేర్చవలెననియు విధించిరి. అమెరికావారు 2012 జనవరినుండి ప్రకటనలలో పన్నులతో కూడిన పూర్తి వెలనే చూపవలెనని ఉత్తరువు చేసిరి. మన నియమమును మంచిదే. కాని నియమము పుస్తకములో నున్నంత గట్టిగా ఫోను పుటలలో కానరాదు.

కావున మీకొఱకు టిక్కెట్టు కొనువాడు మనుమడైనను, నెట్ సెంటరు కుఱ్ఱవాడైనను, ఏజెంటైనను, వానిని “వెల ఎంత?” అని అడుగవలదు. “చివరి పుటలో ఎంత? అందులో భీమా ఉన్నదా? సామాను ఎన్ని కిలోలు?” అని అడుగుడు. ఈ మూడవ ప్రశ్న ముఖ్యము. 2021నుండి పెట్టె తీసికొనిపోనివారికి తక్కువ వెలకు టిక్కెట్టు అమ్ముటకు అనుమతి కలదు. ఊరగాయ జాడీలు కట్టుకొని బయలుదేరిన తల్లికి అట్టి టిక్కెట్టు చౌక కాదు. మిగిలినదంతయు విమానాశ్రయమున తూకము దగ్గర పోవును. ఇద్దరు అమ్మకందారుల వెలలను పోల్చునప్పుడును చివరి పుటను చివరి పుటతోనే పోల్చవలెను. కంపెనీవారి స్వంత పుటను కూడ చూడక మధ్యవర్తి దగ్గర కొనకుడు.

మన ప్రాంతమునుండియు, ప్రక్కనున్న కడప సీమనుండియు కువైట్టు మొదలగు దేశములకు పనికి పోయినవారు వేలకొలది. ఇంట మరణము సంభవించినప్పుడు వారు ఆనాడే బయలుదేరవలెను. పై గంప వెలయే కట్టవలెను. కంప్యూటరునకు దుఃఖము తెలియదు, తొందర మాత్రము తెలియును. ఆ తొందరలో చెన్నై వఱకు ఒక టిక్కెట్టు, అక్కడినుండి వేఱొక టిక్కెట్టు విడివిడిగా కొనినచో, మొదటి విమానము ఆలస్యమైనందున రెండవది తప్పిపోయిన నష్టము మనదే యగును. అట్టి వేళలలోనే గూగుల్‌లో వెదకి దొరికిన దొంగ నంబరునకు ఫోను చేసి డబ్బు పోగొట్టుకొనువారును కలరు. టిక్కెట్టు మీద నున్న నంబరునకు తప్ప చేయరాదు; డబ్బు పోయినచో వెంటనే 1930 నంబరునకు చెప్పవలెను.

ప్రభుత్వము వెలకు హద్దు కట్టలేదా యన్నచో, కట్టినది. 2020 మే మొదలు 2022 ఆగస్టు వఱకు కోవిడు కారణముగా దేశములోపలి చార్జీలకు హద్దులుండెను. 2025 డిసెంబరులో ఇండిగో విమానములు వందలకొలది రద్దయినప్పుడును, 500 కిలోమీటర్లలోపు ప్రయాణమునకు పన్నులుగాక 7,500 రూపాయలు మించరాదని ఉత్తరువు వచ్చినది. మన రేణిగుంటనుండి హైదరాబాదు ఆ దూరములోనిదే. కాని ఇవి కఱవునాటి ధాన్యపు ఉత్తరువులవంటివి. ఆపద తీరినంతనే తీరిపోవును.

మన వారు తఱచుగా వదలుకొను డబ్బు ఒకటి కలదు. టిక్కెట్టు రద్దు చేసికొనిన వేళ “ఇది తిరిగి రాని టిక్కెట్టు” అని చెప్పగానే లేచి వచ్చెదరు. ఆ మాట టిక్కెట్టు వెలయంతటికిని వర్తింపదు. ఎంత చౌక టిక్కెట్టైనను, ప్రయాణము చేయనప్పుడు ప్రభుత్వపు పన్నులు, విమానాశ్రయపు రుసుములు మన దేశపు కంపెనీలు తిరిగి ఈయవలెను. రద్దు చేసినందులకు పుచ్చుకొను సొమ్ము మూల చార్జి, ఇంధనపు అదనపు చార్జి రెండును కలిపిన మొత్తమును దాటరాదు. టిక్కెట్టు మీద ఈ పద్దులు వేఱువేఱుగా అచ్చుపడి యుండును. వానిని చూపి అడుగుడు. ఇయ్యనిచో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 నంబరుపై ఫోను చేయవచ్చును. అక్కడ తెలుగులోనే మాటలాడవచ్చును. ఫిర్యాదు సంఖ్య నడిగి ఒక కాగితము మీద వ్రాసి యుంచుకొనుడు.