హార్డుడిస్కు కనబడనిచో చేయవలసినది

పూర్వము మన సహకార సంఘముల లెక్కలన్నియు బీరువాలోని ఖాతాపుస్తకములలో నుండెడివి. దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములకు కంప్యూటర్లు సమకూర్చు పథకమును కేంద్ర ప్రభుత్వము 2022 జూన్ మాసమున ఆమోదించినది. ఈ యేర్పాటున ముఖ్యమైన ఖాతాలు దూరమందలి సర్వరులో భద్రముగా నుండును. అయినను పాత ఋణముల జాబితాలు, పాసుపుస్తకముల ప్రతులు, ధాన్యపు తూకముల పట్టికలు పెక్కుచోట్ల నేటికిని కార్యాలయములోని హార్డుడిస్కులోనే యున్నవి.

2024లో రాష్ట్రమున పంట ఋణముల మాఫీ జరిగినపుడు 2018 డిసెంబరు 12 మొదలు 2023 డిసెంబరు 9 వరకు గల ఋణములను లెక్కలోనికి తీసికొనిరి. అట్టి సమయమున పాత కాగితము దొరకకున్న నష్టపడువాడు రైతే. కావున ఈ విషయము కార్యదర్శులకే గాక సభ్యులకును తెలిసియుండుట మేలు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో మేము పోయినచోట్ల “నిన్నటివరకు బాగుగనే యుండెను, నేడు డిస్కు కనబడుట లేదు” అను మాట తఱచుగా వినుచున్నాము. కనబడకపోవుట వేఱు, చెడిపోవుట వేఱు. బోరు మోటారు తిరుగనిచో ఏ రైతును ముందుగా మోటారును పైకి లాగించడు. ఫ్యూజు, స్టార్టరు, తీగ వరుసగా చూచును. ఇచ్చటను ఆ వరుసయే అనుసరింపవలయును.

డిస్కులో అయస్కాంతపు పూత గల పళ్లెములు నిమిషమునకు 5,400 లేక 7,200 మార్లు తిరుగుచుండును. అక్షరములను చదువు ముల్లు వెండ్రుక మందముకంటె మిక్కిలి తక్కువ యెడములో వానిపై తేలుచుండును. అందుచేత దానికి ధూళియు, కుదుపును ప్రమాదకరములు. క్రొత్తరకపు ఎస్.ఎస్.డి.లలో పళ్లెములు లేవు గనుక ధ్వని రాదు. తక్కిన పరీక్షలు వానికిని వర్తించును.

1. విద్యుత్తు. బయట తగిలించు డిస్కుపై అరచేయి యుంచుడు. సన్నని అదురు లేనిచో విద్యుత్తు చాలుట లేదని తలంపవచ్చును. చిన్న డిస్కును కంప్యూటరు వెనుకనున్న యూ.ఎస్.బి. పోర్టునకు నేరుగా తగిలించి, కేబులును మార్చి చూడుడు. పెద్దదానికి వేఱుగ అడాప్టరు ఉండును, దానిని పరీక్షింపుడు. టక్‌టక్‌మని మాటిమాటికి చప్పుడగుచున్నచో వెంటనే ఆపివేయుడు. ముల్లు దెబ్బతినియుండవచ్చును, తిరిగినకొలది పళ్లెము గీచుకొనిపోవును.

2. కేబుళ్లు. లోపలి డిస్కైనచో ప్లగ్గు పూర్తిగా తీసి పెట్టెను తెఱవుడు. డిస్కునకు రెండు కేబుళ్లుండును: ఒకటి విద్యుత్తునకు, ఒకటి సమాచారమునకు. రెంటిని ఊడదీసి గట్టిగా తిరిగి తగిలింపుడు. సిరిసిల్ల మరమగ్గముల చెంత నూలుధూళియు, కొనుగోలు కేంద్రములందు ధాన్యపు దుమ్మును చేరుచుండును. మెత్తని పొడి కుంచెతో తుడువుడు. సమాచారపు కేబులును, అది చేరు గూటిని మార్చి చూడుడు.

3. బయాస్. కంప్యూటరు ప్రారంభమగుచుండగా ఎఫ్2 లేక డిలీట్ మీటను నొక్కినచో, పెక్కు యంత్రములందు ఈ పుట తెఱచుకొనును. అందు డిస్కు పేరు కనబడినచో డిస్కు బ్రతికియున్నదనియు, లోపము విండోసులో నుండవచ్చుననియు గ్రహింపుడు. తేదీ ప్రతిదినము వెనుకకు పోవుచున్నచో లోపలి బిళ్ళ బ్యాటరీ అయిపోయినది. దానిచే అమరికలు చెరిగి, డిస్కు కనబడకపోవచ్చును, క్రొత్తది వేయుడు.

4. విండోస్. డిస్క్ మేనేజిమెంటు అను పుటలో డిస్కు ఉండి, దానికి అక్షరము లేనిచో ఒక అక్షరమిచ్చిన చాలును. “ఫార్మాటు చేయుదునా?” యని గాని, “ఇనిషియలైజు చేయుదునా?” యని గాని యంత్రము అడిగినచో ఒప్పుకొనరాదు. అది పండిన చేనిని దున్నించుటయే. మరమ్మతు ప్రోగ్రాములును డిస్కుపై వ్రాయును గనుక, ప్రతి తీయకముందు వానిని నడుపరాదు.

డిస్కు తిరిగి కనబడినంతనే యథాప్రకారము పనికి దిగక, మొదట ముఖ్యమైన ఫైళ్లను వేఱొక డిస్కునకు ఎత్తుకొనుడు. నాలుగు పరీక్షలకును కనబడనిచో సమాచారము తీయుటలో అనుభవము గలవారికి అప్పగింపుడు. ఎంత ఖర్చగునో ముందే అడుగుడు. డిస్కును ఫ్రిజ్జులో పెట్టినచో బాగగునని కొందఱు చెప్పుచున్నారు. అట్లు చేసిన లోపల చెమ్మ పట్టును. దాని మూతను కార్యాలయములో తెఱచుటయు కూడదు.

విత్తనమంతయు ఒకే గాదెలో నుంచు రైతు లేడు. సంఘపు లెక్కలకును మూడు ప్రతులుండవలయును: ఒకటి కంప్యూటరులో, ఒకటి విడి డిస్కులో, ఒకటి మఱియొక చోట. విడి డిస్కును పని ముగిసినంతనే ఊడదీసి బీరువాలో నుంచుడు. కరెంటు పోయినపుడు యంత్రము హఠాత్తుగా ఆగకుండ యూ.పి.ఎస్. అమర్చుడు. ప్రతి మాసము మొదటి పనిదినమున ప్రతి తీసి, అందలి ఒక ఫైలును తెఱచి చూడుడు. తెఱచుకొనని ప్రతి ఉన్నను లేనట్టిదే. సర్వసభ్య సమావేశమున ఈ ప్రతుల సంగతి అడుగుటకు ప్రతి సభ్యునకును హక్కు కలదు.