4.3 మాట్లాడే భాషగా లాటిన్: రౌస్ ప్రత్యక్ష పద్ధతి

గత విభాగంలో వ్యాకరణ-అనువాద పద్ధతి గురించి చదివారు. అందులో విద్యార్థి శబ్దరూపాలను, క్రియారూపాలను కంఠస్థం చేసి, నిఘంటువు సాయంతో వాక్యాలను తన భాషలోకి మారుస్తాడు. ఏళ్ల తరబడి చదివినా చాలామందికి సొంతంగా ఒక్క వాక్యం చెప్పడం రాదు. వ్యవహారంలో లేని భాషను నేర్చుకోవడానికి ఇదొక్కటే మార్గమా? కాదని చూపిన ఒక పండితుని కృషిని ఇప్పుడు పరిశీలిద్దాం.

4.3.1 రౌస్ పరిచయం

డబ్ల్యు. హెచ్. డి. రౌస్ 1863లో కలకత్తాలో జన్మించారు. గ్రీకు, లాటిన్ పండితులు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో సంస్కృతం కూడా బోధించారు. మూలాన్ని, ఆంగ్లానువాదాన్ని ఎదురెదురు పుటల్లో ముద్రించే లోబ్ గ్రంథమాల తొలి సంపాదకుల్లో ఒకరు. 1902 నుంచి 1928 వరకు కేంబ్రిడ్జిలోని పెర్స్ పాఠశాలకు ప్రధానోపాధ్యాయులుగా ఉన్నారు. ప్రాచీన భాషల చదువు ఎందుకన్న ప్రశ్న బలపడుతున్న కాలమది. 1919లో కేంబ్రిడ్జి గ్రీకును తప్పనిసరి జాబితా నుంచి తొలగించింది. బోధన మారకపోతే ఈ భాషలు నిలవవని రౌస్ భావించారు.

4.3.2 తరగతి గదిలో బోధన

ఫ్రెంచి వంటి భాషలకు వాడుతున్న ప్రత్యక్ష పద్ధతిని ఆయన లాటిన్‌కు అన్వయించారు. ఈ ఉదాహరణ చూడండి. ఉపాధ్యాయుడు 'సుర్గే' (లే) అంటాడు. విద్యార్థి లేస్తూ 'సుర్గో' (లేస్తున్నాను) అంటాడు. పక్కనున్నవాడు అతనితో 'సుర్గిస్' (లేస్తున్నావు) అంటాడు. మరొకడు తరగతికి 'సుర్గిత్' (లేస్తున్నాడు) అని చెబుతాడు.

తెలుగులో 'నేను' అనకుండా 'లేస్తున్నాను' అన్నా కర్త ఎవరో తెలుస్తుంది. లాటిన్‌లోనూ అంతే, క్రియ చివరి ప్రత్యయమే పురుషను తెలుపుతుంది. పట్టికలో బట్టీపట్టాల్సిన ఈ రూపాలు ఇక్కడ పనితోపాటు నోటికి వస్తాయి. వ్యాకరణాన్ని రౌస్ విడిచిపెట్టలేదు. ముందు వాడుక, తరువాత సూత్రం అన్నదే ఆయన క్రమం. సంభాషణ సాధనం మాత్రమే. అనువదించుకోకుండా ప్రాచీన గ్రంథాలను చదివి అర్థం చేసుకోవడమే లక్ష్యం.

4.3.3 పరిమితులు

ఈ పద్ధతిలో ఉపాధ్యాయుడు లాటిన్‌లో తడుముకోకుండా మాట్లాడగలగాలి. పాత పద్ధతిలో చదువుకున్నవారిలో అటువంటివారు అరుదు. అందుకే వేసవి శిక్షణ తరగతులు నడిచినా, ఈ బోధన ఎక్కువ పాఠశాలలకు వ్యాపించలేదు. అయితే ఆలోచన నిలిచింది. డెన్మార్క్‌కు చెందిన హాన్స్ ఓర్‌బర్గ్ మొదటి పుట నుంచీ లాటిన్‌లోనే సాగే వాచకాన్ని రూపొందించారు. ఎదుట ఉపాధ్యాయుడు లేకుండా చదువుకునే మీవంటివారికి అటువంటి వాచకం ప్రయోజనమేమిటో ఊహించగలరు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. రౌస్ బోధనలో వ్యాకరణానికి గల స్థానమేమిటి?
2. 'తలుపు తెరుస్తున్నాను' అన్న వాక్యాన్ని మూడు పురుషల్లోనూ పైకి చెబుతూ, పై ఉదాహరణ వంటి అభ్యాసాన్ని తయారుచేయండి.