ఇంటి వద్ద నుండి మానవ జన్యుశాస్త్ర అధ్యయనం

హైదరాబాదు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి ఉదయం వేళ వెళ్లి చూచినవారికి అక్కడి సందడి తెలిసినదే. అశోక్‌నగర్ వీధులలో చిన్న చిన్న గదులు అద్దెకు తీసుకొన్న యువతీయువకులు సంచులు భుజాన వేసుకొని వచ్చి కుర్చీలు వెదుక్కుంటారు. వారిలో అధిక సంఖ్యాకులు ప్రభుత్వోద్యోగాల పోటీ పరీక్షలకు చదివేవారే. అట్టివారి నడుమ ఒక విద్యార్థిని ల్యాప్‌టాప్ తెర మీద ఎ, సి, జి, టి అనే నాలుగక్షరాల వరుసలను చూస్తూ కూర్చున్నదనుకొందాం. ఆమె బి.యస్సీ. పూర్తి చేసింది. ఇంటి బాధ్యతల వల్ల ఊరు విడిచి పోలేక, దూరాన ఉన్న ఒక విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో బోధించే మానవ జన్యుశాస్త్రం, జీనోమ్ శాస్త్రం ఎం.యస్సీ.లో చేరింది.

ఈ చదువులో ఉన్నదేమిటి? అందులో తెర మీద నేర్వదగినది ఎంత, నేర్వరానిది ఎంత? దీనివల్ల తెలుగువారి ఇండ్లకు కలిగే ప్రయోజనమేమిటి? ఈ మూడు ప్రశ్నలకు సమాధానాలను వరుసగా పరిశీలిద్దాం.

నాలుగక్షరాల గ్రంథం

మానవ దేహంలోని దాదాపు ప్రతి రకం జీవకణంలోను కేంద్రకం ఉన్నది. అందులో 46 క్రోమోసోములు ఉన్నవి. వీటిలో 23 తల్లి నుండి, 23 తండ్రి నుండి వచ్చినవి. ఈ సంఖ్య 46 అని 1956లో గాని నిర్ధారణ కాలేదు. క్రోమోసోములలోని డి.ఎన్.ఏ. అణువు నిర్మాణం 1953లో తెలిసింది. ఎ, సి, జి, టి అనే నాలుగు రసాయనాక్షరాలు అందులో ఒకదాని వెంట ఒకటి కూర్చబడి ఉంటవి. తల్లి నుండి గాని, తండ్రి నుండి గాని వచ్చిన ఒక్క సెట్టులోనే సుమారు 300 కోట్ల అక్షరాలున్నవి. సెకనుకొక అక్షరం చొప్పున రాత్రింబగళ్లు ఆపకుండా చదివితే గ్రంథం పూర్తి కావడానికి సుమారు 95 సంవత్సరాలు పడుతుంది!

ఈ మొత్తం గ్రంథాన్నే జీనోమ్ అంటారు. ఇందులో ప్రోటీనుల తయారీకి సూచనలిచ్చే జన్యువులు సుమారు 20,000. అవి ఆక్రమించే చోటు మొత్తంలో నూటికి రెండు వంతుల లోపే. జీనోమ్ చిత్తుప్రతి 2001లో వెలువడింది. పని ముగిసినదని 2003లో ప్రకటించారు. అయినా చదవడానికి వీలుపడని ఖాళీలు నూటికి 8 వంతుల దాకా మిగిలిపోయినవి. వాటిని కూడ పూరించిన ప్రతి 2022లో వచ్చింది.

జన్యుశాస్త్రానికి, జీనోమ్ శాస్త్రానికి భేదమేమిటి? ఒక పుస్తకంలోని ఒక అచ్చుతప్పు తాత నుండి మనుమని దాకా ఎట్లా వచ్చిందో తెలుసుకోవడం మొదటిది. గ్రంథాలయంలోని పుస్తకాలన్నిటినీ ఒక్కసారిగా పోల్చిచూడడం రెండవది. ఆన్‌లైన్ ఎం.యస్సీ.లో ఈ రెండూ ఉంటవి. సాధారణంగా మెండెల్ సూత్రాలు, వంశవృక్ష పరిశీలన, అణు జన్యుశాస్త్రం, క్రోమోసోముల శాస్త్రం, జనాభా జన్యుశాస్త్రం, గణాంక శాస్త్రం ముందు చెపుతారు. తరువాత డి.ఎన్.ఏ. వరుసలను చదివే విధానాలు, కంప్యూటరుతో వాటి విశ్లేషణ, వైద్యంలో వినియోగం, నీతినియమాలు బోధిస్తారు.

మేనరికం లెక్క

ఈ శాస్త్రం తెలుగువారికి పరాయిది కాదు. ప్రసిద్ధ జన్యుశాస్త్రజ్ఞుడు జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో ఇంగ్లండు విడిచి భారతదేశానికి వచ్చాడు. 1964లో భువనేశ్వర్‌లో మరణించేవరకు ఇక్కడనే పనిచేశాడు. పిఠాపురంలో జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయనకు శిష్యుడు. ఆంధ్రప్రదేశ్‌లో రక్తసంబంధ వివాహాలు ఎన్ని జరుగుతున్నవి, వాటి ఫలితాలేమిటి అన్న విషయాన్ని ద్రోణంరాజు, పి. మీరాఖాన్ కలిసి పరిశీలించి 1963లో ప్రకటించారు.

మేనరికాన్ని గురించి ఇండ్లలో వాదాలు తరచు వింటూనే ఉంటాం. "మా తాతలు చేసుకోలేదా, వారికేమైంది?" అని ఒకరంటారు. "మేనరికమైతే పిల్లలు అవిటివాళ్లే" అని ఇంకొకరంటారు. ఈ రెండు మాటలలో ఏది నిజం? లెక్క వేసి చూద్దాం.

ప్రతి జన్యువూ మనలో జంటగా ఉంటుంది. కొన్ని వ్యాధులు జంటలోని రెండూ చెడితేనే వస్తవి. ఒకటి చెడి, రెండవది మంచిదైతే మనిషి ఆరోగ్యంగానే ఉంటాడు. అట్టివానిని వాహకుడు అంటారు. ఇటువంటి లోపజన్యువు ఒకటి జనాభాలో నూటికి ఒక ప్రతి చొప్పున ఉన్నదనుకొందాం. బంధుత్వం లేని దంపతులకు పుట్టే బిడ్డకు రెండు ప్రతులూ చెడ్డవే కావడానికి అవకాశం నూరులో ఒకటిని నూరులో ఒకటితో గుణించినంత. అంటే 10,000లో 1.

మేనత్త మేనమామ బిడ్డలు పెండ్లాడితే, పుట్టే బిడ్డలో ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుని నుండి వచ్చినవి కావడానికి 16లో 1 వంతు అవకాశమున్నది. అక్క కూతురిని మేనమామ చేసుకొంటే అది 8లో 1 వంతు. ఈ భిన్నాలను చేర్చి గణిస్తే, పై వ్యాధి మొదటి తరహా పెండ్లిలో 10,000 మందికి సుమారు 7గురికి, రెండవ తరహా పెండ్లిలో సుమారు 13 మందికి వస్తుంది.

కాబట్టి ఆ రెండు వాదాలలోను సగం నిజమే ఉన్నది. ప్రమాదం ఏడింతలు, పదమూడింతలు పెరిగిన మాట వాస్తవం. మేనమామ వివాహంలో సైతం 10,000లో 9,987 మందికి ఆ వ్యాధి రాదన్నదీ వాస్తవమే. అయితే ఇది ఒక్క వ్యాధి లెక్క. ఇటువంటి వ్యాధులు అనేకమున్నవి. పైగా తరతరాలుగా మేనరికాలు జరిగిన ఇంట్లో ప్రమాదం ఈ లెక్కను మించుతుంది. కుటుంబంలో ఇంతకుముందే అటువంటి వ్యాధితో బిడ్డ పుట్టి ఉంటే, ఇంటిల్లిపాదీ ఊహలతో తీర్మానించక పరీక్ష చేయించుకోవడమే యుక్తం. తలసీమియా ఇందుకు ఉదాహరణ. వాహకులెవరో రక్తపరీక్షలోనే తెలిసిపోతుంది. దంపతులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోను బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి.

వంశవృక్షం ఒక్కటే సర్వస్వం కాదనడానికి కూడ ద్రోణంరాజు పనిలోనే ఒక పాఠమున్నది. కొందరు పురుషుల చెవి అంచులలో వెంట్రుకలు దట్టంగా మొలుస్తవి. ఆంధ్ర కుటుంబాలను పరిశీలించి, ఈ లక్షణం తండ్రి నుండి కొడుకుకు వై క్రోమోసోము ద్వారా వస్తుందని ఆయన ప్రతిపాదించాడు. అది పాఠ్యపుస్తకాలలోకి ఎక్కింది. 2004లో దక్షిణ భారత పురుషుల వై క్రోమోసోములను నేరుగా పరీక్షించినప్పుడు ఆ సంబంధం కనిపించలేదు. ఇంటింటికి తిరిగి సేకరించిన సమాచారాన్ని అణువుల స్థాయిలో మళ్లీ సరిచూడడం ఎంత అవసరమో దీనివల్ల తెలుస్తుంది.

శస్త్రచికిత్స బల్ల మీద

మేనరికం లేకపోయినా ఒకే కులంలో తరతరాలుగా పెండ్లిండ్లు జరిగితే మరొక విధమైన ఫలితం కలుగుతుంది. ఒక సమూహం కొద్దిమంది పూర్వీకులతో మొదలైందనుకొందాం. వారిలో ఒకరి డి.ఎన్.ఏ.లో ఉన్న మార్పు, సమూహం లక్షలకు పెరిగేసరికి చాలామందిలో కనిపిస్తుంది.

శస్త్రచికిత్సకు ముందు గొంతులో గొట్టం వేయడానికి వైద్యులు కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ అనే మందును వాడుతారు. రక్తంలోని బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము దానిని కొద్ది నిమిషాలలో విరిచివేస్తుంది. ఈ ఎంజైము లేనివారిలో మందు ప్రభావం గంటల తరబడి నిలుస్తుంది. శ్వాసకండరాలు పనిచేయవు. అంతసేపూ యంత్రంతో శ్వాస ఇవ్వవలసి వస్తుంది. వైశ్య సమూహంలో ఈ ఎంజైము లోపానికి కారణమైన ఒక మార్పును కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, వారి సహచరులు 2006లో ప్రకటించారు. ప్రోటీనులో 307వ స్థానాన లూసీన్‌కు బదులు ప్రోలీన్ చేరింది. అంతే తేడా! ఈ లోపం ఇతరులలో కంటె వైశ్యులలో సుమారు వంద రెట్లు ఎక్కువ.

ఈ లోపమున్నవారు నిత్యజీవితంలో పూర్తి ఆరోగ్యవంతులు. మత్తు ఇచ్చే డాక్టరుకు ముందుగా తెలిస్తే చాలును, వేరే మందు వాడుతారు. ప్రాణాపాయం ఒక చిన్న ప్రశ్నతో తప్పిపోతుంది. ఇది ఏ ఒక్క కులానికో ఆపాదించదగిన దోషం కాదు. హైదరాబాదు హబ్సిగూడలోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞుడు తంగరాజ్ ఇతర దేశాల పరిశోధకులతో కలిసి, దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలను పరిశీలించి 2017లో ఫలితాలు ప్రకటించాడు. వాటిలో 81 సమూహాలు ఇటువంటి కొద్దిమంది పూర్వీకుల నుండే వచ్చినవని తేలింది. ఎవరి ఇంటి అచ్చుతప్పులు వారికున్నవి.

తెర మీద వచ్చేది, రానిది

జీనోమ్ ఒక గ్రంథం వంటిది కనుక దాని అధ్యయనంలో పెద్ద భాగం తెర మీదనే సాధ్యమవుతుంది. 2015లో ముగిసిన వేయి జీనోముల పథకంలో 26 సమూహాలకు చెందిన 2,504 మంది జీనోములను చదివారు. అందులో బ్రిటన్‌లో నివసించే తెలుగువారు 102 మంది ఉన్నారు. పేర్లు తెలియకుండా ఆ అక్షరాలన్నీ ఎవరైనా ఉచితంగా చూచుకొనే విధంగా ఉంచారు. చిక్కడపల్లి గ్రంథాలయంలో కూర్చున్న విద్యార్థిని మూడవ క్రోమోసోములో పైన చెప్పిన ఎంజైము జన్యువున్న చోటును తెరిచి, ఆ 102 మందిలో ఏ యే అక్షరాలు మారినవో తానే లెక్కించుకోవచ్చును.

అయితే ఇది అనుకొన్నంత తేలిక కాదు. ఒక మనిషి జీనోమ్ ప్రామాణిక ప్రతితో 40 నుండి 50 లక్షల చోట్ల విభేదిస్తుంది. వాటిలో అత్యధికం హాని లేనివి. ఏది వ్యాధికారకం, ఏది బహుశా వ్యాధికారకం, ఏది అనిశ్చితం, ఏది బహుశా నిరపాయకరం, ఏది నిరపాయకరం అని అయిదు తరగతులుగా విభజిస్తారు. ఇప్పటిదాకా చదివిన జీనోములలో ఐరోపా సంతతివారివే ఎక్కువ. అందువల్ల భారతీయుల విషయంలో "అనిశ్చితం" అనే సమాధానం తరచు వస్తుంది. ఈ కొరతను తీర్చడానికే భారత ప్రభుత్వం జీనోమ్ ఇండియా పథకాన్ని 2020లో ఆరంభించింది. సుమారు 10,000 మంది జీనోముల సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. సి.సి.ఎం.బి. ఈ పథకంలో భాగస్వామి.

తెర మీద రానివి రెండున్నవి. మొదటిది చేతిపని. రక్తంలోని తెల్లకణాలను సుమారు మూడు రోజులు పెంచి, తగిన దశలో ఆపి, గాజుపలక మీద పరచి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో క్రోమోసోములను లెక్కించాలి. డౌన్ సిండ్రోమ్ బిడ్డలో సాధారణంగా 46కు బదులు 47 కనిపిస్తవి. ఈ పని బొమ్మలు చూచినంత మాత్రాన పట్టుబడదు. రెండవది కుటుంబంతో మాట్లాడడం. కన్నీళ్లు పెట్టుకొనే తల్లిని నిందించకుండా, "మీ పుట్టింట ఇటువంటి బిడ్డలెవరైనా పుట్టారా అమ్మా?" అని అడిగి వంశవృక్షం గీయడానికి అనుభవజ్ఞుల పక్కన కూర్చొని నేర్చుకోవాలి.

ఈ రెంటికీ హైదరాబాదు అనువైన చోటు. బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జన్యుశాస్త్ర సంస్థ, జన్యువ్యాధుల ఆసుపత్రి ఉన్నవి. ఉప్పల్‌లో డి.ఎన్.ఏ. పరీక్షల కేంద్రం సి.డి.ఎఫ్.డి. ఉన్నది. చిక్కడపల్లిలో గాని నారాయణగూడలో గాని మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్ వద్ద మారితే హబ్సిగూడ చేరవచ్చును. ఆన్‌లైన్ విద్యార్థి ప్రాజెక్టు పనిని గాని, స్వల్పకాల శిక్షణను గాని ఇటువంటి సంస్థలలో సంపాదించుకోగలిగితే చదువులోని లోటు చాలావరకు తీరుతుంది.

చేరబోయే ముందు

దూరవిద్య ఈ నగరానికి కొత్త కాదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఇక్కడనే ఏర్పడింది. అది నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. అయినా ఆన్‌లైన్ పట్టాల విషయంలో జాగ్రత్త అవసరం. భారతదేశంలో వీటికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2020 నాటి నిబంధనలు వర్తిస్తవి. చేరదలచిన సంస్థకు, ఆ కోర్సుకు, ఆ సంవత్సరానికి అనుమతి ఉన్నదో లేదో సంఘం ప్రకటించే జాబితాలో చూడాలి. విదేశీ పట్టా అయితే ఇక్కడ సమాన స్థాయి గుర్తింపు లభిస్తుందో లేదో రుసుము చెల్లించక ముందే విచారించాలి. ప్రయోగశాల పని ఎంత, ఎక్కడ అన్నది కూడ అడిగి తెలుసుకోవాలి. ఈ పట్టా పొందినవారు వైద్యులు కారు. చికిత్స చెప్పే అధికారం వారికి ఉండదు.

జన్యు సమాచారం ఒక్కరి సొత్తు కాదన్నది విద్యార్థి మొదటి రోజునుండే గుర్తుంచుకోవాలి. ఒకరి పరీక్ష ఫలితం వారి అన్నదమ్ముల, అక్కచెల్లెండ్ర రహస్యాన్ని కూడ బయటపెడుతుంది. వాహకురాలని తెలిసిన పిల్లకు పెండ్లి సంబంధం తప్పిపోవచ్చును. గర్భస్థ శిశువు ఆడో మగో చెప్పడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం. శాస్త్రం ఇచ్చిన తెలివిని ఎవరికి, ఎప్పుడు, ఎంతవరకు చెప్పాలన్న వివేకం కూడ ఈ చదువులో భాగమే.

సాయంత్రం గ్రంథాలయం నుండి ఇంటికి వెళ్లిన విద్యార్థిని మొదట చేయదగిన ప్రయోగానికి ఉపకరణాలేవీ అక్కరలేదు. ఒక తెల్లకాగితం, పెన్సిలు తీసుకొని, అమ్మమ్మ పక్కన కూర్చొని మూడు తరాల వంశవృక్షం గీయవచ్చును. పురుషులకు చదరం, స్త్రీలకు వృత్తం, మేనరికమైతే జంట గీత. పసితనంలో పోయిన బిడ్డలు, ఆపరేషను బల్ల మీద ఇబ్బంది పడిన మామయ్య, కారణం తెలియని రక్తహీనత, ఇవన్నీ ఆ కాగితం మీదికి వస్తవి. ప్రతి తెలుగు ఇంట ఇటువంటి కాగితం ఒకటి ఉంటే, పెండ్లికి ముందో, కాన్పుకు ముందో, ఆపరేషనుకు ముందో అది డాక్టరుకు ఎంతో ఉపయోగపడుతుంది.